మంత్రాల కథకు మామూలు మాటలు

చారిత్రక నవల రాసేవాళ్ళకు ఒక వెసులుబాటు ఉంది. గోల్కొండ అని రాస్తే చాలు, కోట గోడలు, బురుజులు పాఠకుడే ఊహించుకుంటాడు. సాంఘిక నవలకైతే ఆ పాటి శ్రమ కూడా లేదు. బస్టాండ్ అన్న ఒక్క మాటతో జనం, దుమ్ము, టీ కొట్టు, పల్లీలమ్మే కుర్రాడు అన్నీ వచ్చి చేరతాయి. ఫాంటసీ నవలకు ఈ సాయం దొరకదు. అందులోని దీవిని ఎవరూ చూడలేదు, అక్కడి సముద్రం ఏ అట్లాసులోనూ లేదు, అక్కడి భాష ఎవరి చెవినా పడలేదు. పాఠకుడి ముందు ఉన్నదల్లా వాక్యమే. అది తడబడితే దీవి కూడా మాయమవుతుంది. అందుకే ఒక ఫాంటసీ నవల గురించి ‘ఎంత అందంగా రాశారు’ అన్నప్పుడు ఆ మాట పైపై మెరుగుల గురించి కాదు, పునాది గురించి.

‘ది లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ రచయిత జె.ఆర్.ఆర్. టోల్కీన్ 1939లో స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో అద్భుత కథల మీద చేసిన ప్రసంగంలో ఈ విషయాన్ని మరో వైపు నుంచి చూపించాడు. పాఠకుడు ‘సరే, కాసేపు నమ్మినట్టు ఉందాం’ అనుకుని చదివితే ఆ కథ అప్పటికే ఓడిపోయినట్టు. రచయిత ఒక రెండో లోకాన్ని కడతాడు, పాఠకుడి మనసు అందులోకి వెళ్తుంది, లోపల ఉన్నంతసేపు అక్కడి విషయాలన్నీ నిజమే. అనుమానం తల ఎత్తగానే మంత్రం విరిగిపోతుంది. ఆ అనుమానం తలెత్తకుండా చూసే పని ఎవరిది? కథ మలుపులు కొంత చేస్తాయి, పాత్రలు కొంత చేస్తాయి. అసలు భారమంతా వచనం మోయాలి.

ఇది ఎలా జరుగుతుందో చూడడానికి అమెరికన్ రచయిత్రి అర్సులా కె. లె గ్విన్ రాసిన ‘ఎ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ కన్నా మంచి ఉదాహరణ దొరకడం కష్టం. 1968లో అమెరికాలోని బర్క్‌లీలో పార్నాసస్ ప్రెస్ అనే చిన్న ప్రచురణ సంస్థ వేసిన పుస్తకం ఇది. కాస్త పెద్ద పిల్లలు చదివే కథ ఒకటి రాసిపెట్టమని ప్రచురణకర్త అడిగితే రాసింది. పది అధ్యాయాలు, రెండు వందల పేజీలకు అటూ ఇటూ. ఇవాళ వెయ్యేసి పేజీల సంపుటాలుగా వచ్చే ఫాంటసీ సిరీస్‌ల పక్కన పెడితే మరీ పలచగా కనిపిస్తుంది. ఎర్త్‌సీ అనే దీవుల లోకంలో ఒక దీవి, మేకలు కాసే తల్లిలేని పిల్లవాడు, వాడిలో పుట్టుకతో ఉన్న మంత్రశక్తి, గర్వం కొద్దీ వాడు చేసిన ఒక తప్పు, ఆ తప్పు నుంచి పుట్టి వాడి వెంటపడ్డ నీడ. చెప్పుకుంటే కథ ఇంతే.

చెప్పుకుంటే ఇంతే అనడంలోనే అసలు సంగతి ఉంది. లె గ్విన్ 1973లో ఫాంటసీ శైలి మీద ఒక పెద్ద వ్యాసం రాసింది. అందులో తన కాలపు ఫాంటసీ నవల ఒకదాని నుంచి కొంత సంభాషణ తీసుకుని, నాలుగు మాటలు మార్చి చూపించింది. రాజ్యాల, ప్రభువుల పేర్లు పోయేసరికి అది వాషింగ్టన్‌లో ఇద్దరు రాజకీయ నాయకుల మధ్య మాటల్లా చక్కగా సరిపోయింది. అంటే ఆ నవల మాంత్రిక లోకం పైన తొడిగిన చొక్కా మాత్రమే, లోపల ఉన్నది మామూలు పత్రికా వచనం. పుస్తకంలోంచి శైలిని తీసేస్తే మిగిలేది కథాసారాంశం మాత్రమేనని ఆమె వాదన. ఆ మాట అనే హక్కు ఆమెకు ఉందా లేదా అన్నది ఆమె నవల మొదటి పేజీలోనే తేలిపోతుంది.

నవల మొదటి వాక్యం గాంట్ దీవి గురించి. తుఫానులు కుదిపేసే ఈశాన్య సముద్రం మీద మైలు ఎత్తున శిఖరం లేపి నిలబడ్డ ఒంటరి కొండ ఆ దీవి అనీ, అది మాంత్రికులకు పేరుపడ్డ నేల అనీ ఆ వాక్యం చెబుతుంది. ఎంత పొదుపో చూడండి. కొండ ఎత్తు ఒక కొలతగా వచ్చింది. సముద్రానికి దిక్కు వచ్చింది, దాని స్వభావం ఒక్క విశేషణంలో వచ్చింది. ఇక చివర్లో మాంత్రికుల సంగతి, కొండపల్లి బొమ్మలకు ప్రసిద్ధి అన్నంత మామూలుగా వచ్చింది. ఆశ్చర్యార్థకాలు లేవు, ‘అనగనగా ఒక వింత లోకంలో’ అన్న ఊరింపు లేదు. చెబుతున్న మనిషికి ఇందులో వింతేమీ లేనట్టుంది, కాబట్టి వింటున్న మనిషి అడ్డుపడడు.

ఆ వెంటనే ఇంకో సాహసం చేస్తుంది రచయిత్రి. ఈ దీవిలో పుట్టినవాళ్ళలో అందరికన్నా గొప్పవాడు ఫలానా అతను, డ్రాగన్లతో మాట్లాడగలిగినవాడయ్యాడు, మహామాంత్రికుడయ్యాడు, అతని మీద పాటలు కట్టారు, ఈ కథ మాత్రం ఆ పాటలకు ముందు జరిగినది అని మొదటి పేరాలోనే చెప్పేస్తుంది. నాయకుడు బతుకుతాడని తెలిసిపోయింది, గొప్పవాడవుతాడనీ తెలిసిపోయింది. మరి టెన్షన్ ఎక్కడ? అది ‘ఏమవుతుంది’ నుంచి ‘ఎలాంటి మనిషిగా మిగులుతాడు’ వైపు జరిగింది. రామాయణం ముగింపు తెలిసి కూడా హరికథకు కూర్చునే జనానికి ఈ పద్ధతి కొత్త కాదు. తెలిసిన కథను మళ్ళీ వినేవాడికి చెప్పే తీరే ముఖ్యం. ఆ స్థితిలో పాఠకుణ్ణి మొదటి పేజీలోనే కూర్చోబెట్టడం లె గ్విన్ తన వచనం మీద పెట్టుకున్న నమ్మకానికి గుర్తు.

మొదటి మంత్రం జరిగే చోటు ఇంకా బాగుంటుంది. ఇంటి కప్పు మీదికెక్కిన మేకను దింపడానికి పిన్ని ఏదో చిన్న పద్యం లాంటిది అంటుంటే పిల్లవాడు విన్నాడు. మర్నాడు మేకల్ని మేపుతూ, అర్థం తెలియకుండానే అదే గట్టిగా అరిచాడు. మేకలు వచ్చాయి. అన్నీ వచ్చాయి, చప్పుడు చేయకుండా వచ్చాయి, పసుప్పచ్చ కళ్ళలోని నల్లటి చీలికల్లోంచి వాడినే చూస్తూ నిలబడ్డాయి. వాడు నవ్వి మళ్ళీ అరిచాడు. అవి ఇంకా దగ్గరికి వచ్చి నెట్టుకుంటూ చుట్టేశాయి. వాడికి భయం వేసి పరిగెత్తితే అవీ వాడి చుట్టూ కట్టకట్టుకుని పరిగెత్తాయి. ఊళ్ళో జనం మేకల్ని తిట్టి, పిల్లవాణ్ణి చూసి నవ్వారు. పిన్ని నవ్వలేదు.

ఈ సన్నివేశంలో మెరుపులు లేవు, నీలి కాంతులు లేవు. మేకలు మేకలుగానే ఉన్నాయి. అయితే మేక మామూలుగా అరుస్తుంది, ఇవి అరవలేదు. అంతా ఆ ఒక్క తేడాలో ఉంది. మేకలు కాసినవాళ్ళకైనా, కనీసం మేకల మందను దగ్గరగా చూసినవాళ్ళకైనా ఆ నిశ్శబ్దం ఎంత అసహజమో వెంటనే తెలుస్తుంది. శక్తి అంటే ఏమిటో, దాన్ని తెలియక వాడితే ఎలా ఊపిరాడకుండా చుట్టేస్తుందో ఉపన్యాసం లేకుండా తెలిసిపోయింది. నవల మొత్తానికి బీజం ఇక్కడే పడింది. ఈ మేకలే తర్వాత నీడ అవుతాయని అంటే అతిశయోక్తి కాదు.

పదమూడో ఏట ఆ పిల్లవాడికి ఓగియన్ అనే గురువు దొరుకుతాడు. గెడ్ అన్న అసలు పేరు పెట్టేది ఆయనే. ఒకప్పుడు భూకంపాన్ని శాంతింపజేసిన మాంత్రికుడు ఆయన. గెడ్ ఏవేవో మహిమలు చూడొచ్చని ఆశగా ఆయన వెంట నడుస్తాడు. రోజులు గడుస్తాయి, ఏమీ జరగదు. వాన వస్తుంది. ఆ దీవుల్లో వానను పక్కకు తోసేయడం ప్రతి చిల్లర మంత్రగాడికీ వచ్చిన విద్యే. ఓగియన్ మాత్రం వానను దాని మానాన కురవనిచ్చి, దట్టమైన చెట్టు ఒకటి చూసుకుని దాని కింద పడుకుంటాడు. గెడ్ తడుస్తూ, చిరాకు పడుతూ, ఇంత శక్తి ఉండి వాడకపోతే ఎందుకు అనుకుంటాడు. దారిలో ఒక మొక్కను చూపించి దీని ఉపయోగం ఏమిటని అడిగితే, తనకు తెలిసి ఏమీ లేదంటాడు గురువు. ఆ మొక్క వేరు, ఆకు, పువ్వు అన్ని రుతువుల్లోనూ ఎలా ఉంటాయో, దాని వాసన, గింజ ఎలా ఉంటాయో తెలిశాక కదా దాని అసలు పేరు తెలిసేది అంటాడు.

ఇక్కడ శైలీ, విషయమూ ఒకటే అయిపోయాయి. ఓగియన్ శక్తి ఉండీ వాడడు. లె గ్విన్ వచనం కూడా అంతే. ఆమెకు విశేషణాలు రాక కాదు, వాన దృశ్యాన్ని నాలుగు పేజీలు వర్ణించలేక కాదు. వానను వానలా కురవనిచ్చింది. చదివేవాడు కూడా మొదట్లో గెడ్ లాగే అసహనపడతాడు. ఎప్పుడు మొదలవుతాయి యుద్ధాలు, ఎప్పుడొస్తాయి డ్రాగన్లు అని పేజీలు తిప్పుతాడు. ఆ పేజీలే పాఠకుడికి శిక్షణ ఇస్తున్నాయని చాలా తర్వాత గాని తెలియదు.

రోక్ దీవిలోని మంత్రవిద్యాలయంలో మరో పాఠం ఉంది. పేర్ల గురువు ఊరికి దూరంగా ఒక ఒంటరి బురుజులో ఉంటాడు. శిష్యుల పని పేర్ల జాబితాలు బట్టీ పట్టడం. అర్ధరాత్రి కాగానే కాగితం మీది సిరా దానంతటదే చెరిగిపోతుంది. అప్పటికి నోటికి వచ్చింది వచ్చినట్టు, రానిది పోయినట్టు. ఆ బురుజులో చలి, మౌనం, విసుగు. మంత్రవిద్యలో అందరికన్నా కష్టమైన మెట్టు ఇలా విసుగు పుట్టించే పాఠంగా ఉండడం ఎంత నిజం! సంగీతంలో సరళీ స్వరాలు, వేదపాఠశాలలో పనస (వేదంలోని ఒక భాగం) తర్వాత పనస వల్లె వేయడం తెలిసినవాళ్ళకు ఆ బురుజు పరాయిది కాదు. చదువుకు ఖర్చు ఉంది కాబట్టి ఆ విద్య నమ్మదగ్గది అవుతుంది. కర్ర తిప్పగానే పని జరిగిపోయే లోకాల్లో ఈ బరువు ఉండదు.

అందమైన వచనం అంటే ఎప్పుడూ మెత్తగా ఉండేదని అనుకుంటే భయపెట్టే ఘట్టాలు ఎలా రాయాలి? తోటి విద్యార్థి జాస్పర్ మీద పంతంతో గెడ్ చనిపోయిన ఒక రాణి ఆత్మను పిలిచే రాత్రి చూడండి. లోకం అనే బట్ట చిరిగి, ఆ చిరుగులోంచి గడ్డకట్టిన నల్లటి నీడ ఒకటి గెడ్ ముఖం మీదికి దూకుతుంది. చిన్న పిల్లవాడంత ఉంటుంది, ఉబ్బుతూ కుంచించుకుపోతూ ఉంటుంది, తల లేదు, ముఖం లేదు, గోళ్ళున్న నాలుగు పంజాలు మాత్రం ఉన్నాయి. ‘భయంకరం’, ‘బీభత్సం’ లాంటి మాటలు గుట్టగా పోయలేదు. కొలత చెప్పింది, ఏవి లేవో చెప్పింది. చిన్న పిల్లవాడంత అన్న కొలతే వెన్నులో వణుకు పుట్టిస్తుంది. రాక్షసుడు కొండంత ఉంటాడని వినీ వినీ మొద్దుబారిన మనసుకు ఇది కొత్తగా తగులుతుంది.

నవలలో మనసును అన్నిటికన్నా పట్టేసే చోటు మాత్రం డ్రాగన్ల దగ్గర లేదు. గెడ్ ఒక చిన్న దీవిలో మాంత్రికుడిగా కుదురుకున్నాక, పడవలు చేసే స్నేహితుడి పసి కొడుకు జ్వరంతో చనిపోతుంటాడు. వాణ్ణి వెనక్కి తేవాలని గెడ్ మృత్యువు లోపలి దాకా వెంబడిస్తాడు. చీకటి వాలు, కదలని నక్షత్రాలు, ఒక పొట్టి రాతి గోడ. పిల్లవాడు వాలులో కిందికి పరిగెత్తుతూనే ఉంటాడు, అందడు. గెడ్ ఎలాగో వెనక్కి తిరిగి వస్తాడు గాని శరీరం కట్టెలా పడి ఉంటుంది. బతికి ఉన్నాడో లేదో ఎవరికీ తెలియదు. అప్పుడు అతను పెంచుకున్న ఉడతంత జంతువు ఒకటి దూలాల మధ్య నుంచి దిగి వచ్చి, ఎండుటాకు రంగు పొడి నాలుకతో అతని చేతుల్ని, మణికట్లను, తర్వాత కణతను, మచ్చలున్న చెంపను, మూసుకున్న కళ్ళను ఓపిగ్గా నాకుతుంది. ఆ స్పర్శతో అతనికి మెల్లగా తెలివి వస్తుంది.

ఇంత మంత్రవిద్య ఉన్న పుస్తకంలో మనిషిని చావు దగ్గర నుంచి తెచ్చింది ఒక జంతువు నాలుక. అది పొడిగా ఉందనీ, ఎండుటాకు రంగులో ఉందనీ చెప్పకపోతే ఈ సన్నివేశం నిలబడేది కాదు. అద్భుతం ఎంత పెద్దదైతే దాని పక్కన పెట్టే వివరం అంత చిన్నదిగా, అంత కచ్చితంగా ఉండాలన్న సూత్రం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. ఫాంటసీ రాయాలనుకునే కొత్త రచయితలు ఈ రెండు పేజీలను చేత్తో ఎత్తి రాసుకున్నా తప్పులేదు.

మన దగ్గర అందమైన వచనం అనగానే చాలామందికి గుర్తొచ్చేవి దీర్ఘ సమాసాలు, వరస ఉపమానాలు, వెన్నెల వర్ణనలు. ఆ సంప్రదాయానికి ఉన్న గౌరవం దానిది. కానీ అద్భుత కథ విషయంలో తెలుగు పాఠకుడి చెవి ఇంకో బడిలో కూడా చదువుకుంది. కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో చనిపోయేదాకా చందమామలో పనిచేశారు. దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్ళు అక్కడే వచ్చాయి. మాంత్రికులు, రాక్షసులు, పాతాళ మార్గాలు, మొసలి ముఖాల మనుషులు ఎందరు వచ్చినా వాక్యం మాత్రం సూటిగా, పదేళ్ళ పిల్లలు సొంతంగా చదువుకునేంత తేటగా ఉండేది. ఎర్త్‌సీని తెలుగులోకి తేవాలంటే గ్రాంథికపు గంభీరత కన్నా ఆ చందమామ తేటదనమే ఎక్కువ అక్కరకొస్తుంది. ఇంకో అనుకూలం కూడా ఉంది. లె గ్విన్ సముద్రయానాలు రాసేటప్పుడు పనికి పని జోడిస్తూ పోయే పొడుగాటి వాక్యాలు వాడుతుంది. లేచి, తెరచాప దించి, నీళ్ళు తోడిపోసి, మళ్ళీ చుక్కాని పట్టుకుని అంటూ అసమాపక క్రియలతో ఊపిరి తెగకుండా సాగిపోవడం తెలుగుకు పుట్టుకతో వచ్చిన విద్య.

ఈ పుస్తకంలోని ఇంగ్లీషు కష్టమైనది కాదు. డిగ్రీ చదివే విద్యార్థి డిక్షనరీ పెద్దగా తెరవకుండా చదివేయవచ్చు. ప్రమాదమల్లా ఆ సులువులోనే ఉంది. సులువుగా ఉంది కదా అని ఫోన్‌లో వార్తలు చదివే వేగంతో చదివితే కథ తెలుస్తుంది, లోకం తెలియదు. గట్టిగా చదివితే తేడా వెంటనే వినిపిస్తుంది. లె గ్విన్ 1998లో రచనా విద్య మీద రాసిన పుస్తకంలో మొదటి పాఠమే వచనం వినిపించే తీరు గురించి. వాక్యం ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ చిన్న మాటలు వరసగా పడతాయో, ఏ పేరు గరుకుగా ఏ పేరు మెత్తగా ఉందో నోటితో పలికితేనే పట్టుబడుతుంది. గాంట్, రోక్, పెండార్, ఓస్కిల్ అన్న దీవుల పేర్లు ఒక్కోసారి పైకి పలికి చూస్తే అక్కడి రాయి, గాలి కూడా కొంత తెలిసివస్తాయి. రాత్రిపూట ఇంట్లో పిల్లలకు రోజుకు కొన్ని పేజీలు చదివి వినిపించే అలవాటుంటే ఈ నవలకు అంతకన్నా మంచి పద్ధతి లేదు.

తేట వాక్యం చేసే మరో పని గెడ్ ఒంటి రంగు విషయంలో కనిపిస్తుంది. అతనిది ఎరుపు కలిసిన గోధుమ రంగు. ప్రాణస్నేహితుడు వెచ్ నల్లనివాడు. తెల్లవాళ్ళు దూరపు దీవుల నుంచి దండెత్తి వచ్చే కార్గ్‌లు. 1968లో అమెరికాలో పిల్లల ఫాంటసీ కథకు ఇది చిన్న విషయం కాదు. దాని గురించి నవల జెండా ఎత్తదు, వాదించదు, మాటల్లో మాటగా చెప్పి ముందుకు పోతుంది. పాఠకుడు అప్పటికే గెడ్ పక్షాన ఉంటాడు. 2004లో టీవీ సిరీస్ తీసినవాళ్ళు గెడ్ పాత్రకు తెల్ల నటుణ్ణి పెడితే, లె గ్విన్ బహిరంగంగా నిరసన తెలుపుతూ వ్యాసం రాసింది.

ఇంత మెచ్చుకున్నాక ఒక లోపం చెప్పకపోతే విశ్లేషణ పూర్తి కాదు. ఈ అందమైన గొంతు వీరగాథల గొంతు. వీరగాథలు మగవాళ్ళ కార్యాలు చెప్పుకోవడానికి పుట్టినవి. ఆ గొంతుతో పాటు దాని చూపు కూడా నవలలోకి వచ్చేసింది. మంత్రవిద్యాలయంలో ఆడపిల్లలు ఉండరు. ఆడవాళ్ళ మంత్రం బలహీనం, ఆడవాళ్ళ మంత్రం దుష్టం అన్న అర్థంలో గాంట్ దీవిలో సామెతలే ఉంటాయి. మేకల మంత్రం వాడు మొదట విన్నది పిన్ని నోటే అయినా, పుస్తకం ఆమెను అజ్ఞానపు పల్లెటూరి మంత్రగత్తెగా పక్కన పెట్టి ముందుకు వెళ్తుంది. వాక్యం ఎంత నమ్మించేలా ఉంటే దాని చాటున ఇలాంటివి అంత సులువుగా జారిపోతాయి. చదివేటప్పుడు తెలియను కూడా తెలియదు.

ఈ సంగతి ఇతరులు ఎత్తిచూపడం ఒక ఎత్తు, రచయిత్రే పట్టించుకోవడం ఇంకో ఎత్తు. 1971లో, 1972లో వచ్చిన రెండో, మూడో ఎర్త్‌సీ నవలల తర్వాత పద్దెనిమిదేళ్ళు ఆగి 1990లో ‘టెహాను’ రాసింది లె గ్విన్. అదే గాంట్ దీవి. కానీ ఇప్పుడు కథ మధ్యలో ఉన్నది టెనార్ అనే నడివయసు వితంతువు, ఒళ్ళు కాలిన ఒక చిన్న పిల్ల, శక్తి అంతా పోగొట్టుకుని ఇంటికొచ్చిన గెడ్. వచనం కూడా మారిపోయింది. పై నుంచి గాథ చెప్పే గొంతు దిగి వచ్చి పొయ్యి దగ్గర, గొర్రెల దొడ్లో, అంట్లు తోమే చోట కూర్చుంది. 1992లో ఆక్స్‌ఫర్డ్‌లో ఇచ్చిన ప్రసంగంలో ఆమె ఈ మార్పు గురించి వివరంగా మాట్లాడింది. లోకం అదే అయినా చూసే కన్ను మారితే వాక్యం మారక తప్పదని ఆ నవల చూపిస్తుంది. మొదటి నవలను ప్రేమించిన చాలామందికి నాలుగోది మింగుడుపడలేదు. కానీ రెండూ ఒకే రచయిత్రివని చెప్పే ఆనవాలు ఒకటుంది. రెండింటిలోనూ అనవసరమైన విశేషణం దొరకడం కష్టం.

ఆరు ఎర్త్‌సీ పుస్తకాలనూ కలిపి చార్ల్స్ వెస్ బొమ్మలతో 2018లో ఒకే సంపుటంగా వేశారు. లె గ్విన్ అదే ఏడాది జనవరిలో చనిపోయింది. సంపుటం చేతిలో ఉందని ఆరూ ఏకబిగిన చదవాల్సిన పని లేదు. మొదటి మూడూ ఒక వరసలో చదివి, నాలుగోదానికి ముందు కొన్ని నెలలైనా విరామం ఇవ్వడం మంచిది. ఆ విరామంలో మొదటి నవలను మరోసారి తిరగేస్తే, రెండోసారి చదివేటప్పుడు కళ్ళు మేకల దగ్గర పిన్ని మీద ఆగుతాయి. ‘టెహాను’లోకి వెళ్ళడానికి అదే సరైన దారి.